అడీనియంలో విత్తన ప్రవర్ధనం

ఎడారి గులాబిగా పేరొందిన అడీనియం ఒబేసమ్, గన్నేరు కుటుంబానికి చెందిన అలంకరణ మొక్క. ఆఫ్రికా, అరేబియాలలోని పొడి ప్రాంతాలు దీని జన్మస్థానం. ఉబ్బిన కాండమూలంలో నీటిని నిల్వ చేసుకొని ఇది బెట్టను తట్టుకొంటుంది. ఆ కాండమూలపు ఆకృతి వల్లనే మొక్కకు మంచి ధర లభిస్తుంది. కొమ్మ కత్తిరింపులతో పెంచిన మొక్కలలో అది సహజ రూపంలో ఏర్పడదు. అందువలన విత్తన ప్రవర్ధనానికి ప్రాధాన్యం ఏర్పడింది.

విత్తన సేకరణ: జంట కాయలు పగిలిన వెంటనే, రెండు కొనలలో నూగు కుచ్చులు గల విత్తనాలు గాలికి ఎగిరిపోతాయి. కావున కాయ పగలకముందే దానికి పలుచని గుడ్డ సంచి కట్టాలి. నిల్వ కాలం పెరిగేకొద్దీ మొలక శాతం తగ్గుతుంది గనుక తాజా విత్తనాన్నే వాడాలి.

విత్తే విధానం: రెండు పాళ్ళు ముతక ఇసుక, ఒక పాలు కొబ్బరి పొట్టు కలిపి ట్రేలలో నింపాలి. విత్తనాలను అడ్డంగా పరచి, వాటిపై సుమారు అర సెంటీమీటరు మందాన మిశ్రమం చల్లాలి. 25-30 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతలో తాజా విత్తనాలు సాధారణంగా వారం రోజులలో మొలుస్తాయి.

నీటి యాజమాన్యం: పెరిగిన మొక్క బెట్టను తట్టుకొన్నా, లేత నారు తట్టుకోలేదు. మిశ్రమం పూర్తిగా ఎండిపోరాదు. అయితే నీరు నిలిస్తే నారుకుళ్ళు తెగులు సోకి మొలకలు మొదలు వద్ద మెత్తబడి పడిపోతాయి. పైపొర ఆరిన తరువాతనే తడి ఇవ్వాలి. తెగులు కనిపిస్తే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్ళు తడిచేలా పోయాలి.

పూల రంగు: పరపరాగ సంపర్కం వలన విత్తన మొక్కలలో తల్లి మొక్క పూల రంగు, రేకుల అమరిక యథాతథంగా రావు. ఈ విషయం తెలియక, తల్లి మొక్క రంగునే పేర్కొని నారును విక్రయిస్తే నర్సరీ విశ్వసనీయత దెబ్బతింటుంది. కాండం పెన్సిలు మందానికి చేరిన విత్తన మొక్కను వేరుమూలంగా తీసుకొని, కోరిన రకపు కొమ్మను దానిపై అంటుకట్టాలి. అప్పుడు కాండమూలం, పూల రంగు రెండూ ఒకే మొక్కలో లభిస్తాయి.

జాగ్రత్త: ఈ మొక్క పాలు విషపూరితం. ఆఫ్రికాలో బాణపు మొనలకు పూసే విషాన్ని దీని నుండి తయారుచేసేవారు. అంటుకట్టేవారు చేతి తొడుగులు ధరించాలి. మొక్కలను పిల్లలకు, పశువులకు అందకుండా ఉంచాలి.

నర్సరీదారులకు శిక్షణ ఇచ్చే విస్తరణ శాస్త్రవేత్తలు విత్తన మొక్కలను, అంటు మొక్కలను వేరువేరుగా గుర్తించి, ఆ వివరంతోనే చీటీ కట్టి విక్రయించవలసిందిగా సూచించాలి.