ఆవాహన సరే, ఉద్వాసన మాటేమిటి?

ప్రాతఃకాలంలో స్నానానికి ఉపక్రమిస్తూ చెంబులోని నీటిలోకి గంగ, యమున, గోదావరి, సరస్వతి, నర్మద, సింధు, కావేరి నదులను ఆవాహన చేయడం మన ఆచారం. పూజలో ఆవాహన చేసిన దేవతకు చివరలో ఉద్వాసన చెప్పి, యథాస్థానానికి సగౌరవంగా సాగనంపుతాం. మరి స్నానజలంలోకి పిలిచిన నదీమతల్లులను ఎలా సాగనంపుతున్నాం? తూము దాటిన నీరు ఎక్కడికి వెళుతుందో ఎన్నడైనా ఆలోచించారా?

హైదరాబాదులో ఆ నీరు చేరేది మూసీ నదికి. దీని ప్రాచీన నామం ముచుకుందా నది. దేవతల పక్షాన పోరాడి అలసిన ముచుకుంద మహారాజు గుహలో దీర్ఘనిద్ర పోవడం, ఆయన చూపు సోకి కాలయవనుడు భస్మం కావడం భాగవత దశమస్కంధంలోని గాథ. ఆ రాజర్షి శ్రీకృష్ణుని పాదాలను కడిగిన జలమే ఈ నది అయిందని వికారాబాద్ సమీపంలోని అనంతగిరి స్థలపురాణం చెబుతోంది. ఆ కొండల్లో పుట్టిన మూసీ, నగరం మీదుగా సాగి నల్లగొండ జిల్లా వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. ఆ సంగమ క్షేత్రంలో అగస్త్యేశ్వరస్వామి, లక్ష్మీనరసింహస్వామి కొలువై ఉన్నారు. 2016 కృష్ణా పుష్కరాలలో భక్తులు అక్కడ స్నానాలు ఆచరించారు.

మరొక విశేషం గమనించండి. 2004 నుంచి నగరానికి కృష్ణా జలాలు తాగునీరుగా అందుతున్నాయి. అంటే, కుళాయి దారిన మన ఇంటికి వచ్చిన కృష్ణమ్మ మురుగు దారిన మూసీలో చేరి, వాడపల్లికి తిరుగు ప్రయాణం కడుతోంది. ఏ రూపంలో తిరిగి వెళ్లాలన్నది మన చేతిలో ఉంది.

ఆ దారిలో అంబర్‌పేట వద్ద నది ఒడ్డున మురుగునీటి శుద్ధి కేంద్రం ఉంది. దాని సామర్థ్యం రోజుకు 33.9 కోట్ల లీటర్లు. ముందుగా ఇనుప జాలీలు గుడ్డపీలికలను, ప్లాస్టిక్ సంచులను అడ్డగిస్తాయి. ఇసుక అడుగుకు చేరుతుంది. తరువాత మురుగును పెద్ద తొట్ల అడుగు నుంచి పైకి పంపుతారు. అక్కడి బురద పొరలో గాలి అవసరం లేని సూక్ష్మజీవులు మాలిన్యాన్ని ఆహారంగా స్వీకరించి వాయువుగా మారుస్తాయి. పిమ్మట ఆ నీటికి గాలి అందించి, మడుగులలో తేర్చి నదికి విడుస్తారు. కంటికి కనబడని ఆ ప్రాణులు చేసేది కూడా ఒక సేవయే.

అయితే ఈ సేవకు హద్దులున్నాయి. నాలాల గుండా నేరుగా నదిలో పడే మురుగును ఏ కేంద్రమూ శుద్ధి చేయలేదు. ఉన్న కేంద్రాలు చాలకనే 2021లో నగరానికి మరో 31 కేంద్రాలు మంజూరయ్యాయి. కేంద్రాలు పెరిగినా, రసాయనాలను, ప్లాస్టిక్‌ను ఆ సూక్ష్మజీవులు జీర్ణించుకోలేవు. తూములో పోసిన నూనె గొట్టాలలో పేరుకుని మురుగును పొంగిస్తుంది.

ఇక్కడే మన గృహధర్మం మొదలవుతుంది. నిర్మాల్యాన్ని ప్లాస్టిక్ సంచిలో కట్టి వంతెన మీది నుంచి విసరడం భక్తి అనిపించుకోదు. దారాలు తీసివేసి, ఎవరూ తొక్కని చోట చెట్టు మొదట వేయడం పెద్దలు చూపిన మార్గమే. ప్రమిదలో మిగిలిన నూనెను తూములో పోయక వత్తితో పీల్చి తీయవచ్చు. మాసిన దేవుని పటాలను కాలువలో వదలనేకూడదు. ఎందరో ఇళ్లలో పారాయణ చేసే అరుణప్రశ్న సైతం నీటిలో మలమూత్రాలు విడువరాదని, ఉమ్మరాదని వ్రతనియమంగా విధించింది.

2028లో కృష్ణా పుష్కరాలు మళ్లీ రానున్నాయి. వాడపల్లి సంగమంలో మునిగే భక్తుని దోసిట్లోకి మన ఇంటి నీరు కూడా చేరవచ్చు. రేపు ఉదయం చెంబు చేతబట్టి నదులను పిలిచినప్పుడు, వారిని సాగనంపే దారిని కూడా ఒకసారి తలచుకోండి.