అలంకార గడ్డి పెంపకము: వరి రైతు గమనింపవలసిన విషయములు

ఛత్తీస్‌గఢ్‌కు వరి గిన్నె అని పేరు. వరి కూడ గడ్డిజాతి మొక్కయే. చెరకు, వెదురు, గరిక, నిమ్మగడ్డి మొదలగునవన్నియు ఆ కుటుంబమునకు చెందినవే. కావున దుర్గ్, భిలాయి పరిసరములలోని రైతులకు గడ్డి పెంచుట క్రొత్త విద్య కాదు. అయినను మడిలోని వరికిని, ముంగిట అందము కొరకు పెంచు గడ్డికిని ఒక ముఖ్యమైన భేదము కలదు. దానిని గ్రహింపక అప్పు తీసికొన్నచో నష్టము తప్పదు.

భిలాయి ఉక్కు కర్మాగారము 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందము మేరకు నిర్మింపబడినది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించిరి. సెక్టార్లుగా ఏర్పడిన ఈ పట్టణములో క్వార్టర్ల ముందు తోట పెంచుకొను అలవాటు కలదు. ఇచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకము. ఇండ్లు, పాఠశాలలు, కార్యాలయముల తోటలే ఈ మొక్కలకు సహజమైన గిరాకీ.

ఏ రకములు?

ఎండ బాగుగా తగులు చోట ఎరుపు ఆకుల ఫౌంటెన్ గడ్డి, నిమ్మగడ్డి, వట్టివేరు చక్కగా పెరుగును. నీడ పట్టున మోండో గడ్డి, తడి నేలలో గొడుగు తుంగ అనుకూలము. ఈ చివరి రెండును శాస్త్రరీత్యా గడ్డిజాతివి కావు. వాడుకలో మాత్రమే గడ్డిగా చెలామణి అగుచున్నవి.

నేల, నీరు

ఈ ప్రాంత రైతులు తమ నేలలను భాటా, మటాసీ, దోర్సా, కన్హార్ అని నాలుగు విధములుగా పిలుతురు. కన్హార్ అనగా బరువైన నల్లనేల. అది నీటిని పట్టి ఉంచును గనుక వరికి మేలు. కాని ఫౌంటెన్ గడ్డికి, నిమ్మగడ్డికి కీడు.

ఈ విషయము నేను కష్టము మీద నేర్చుకొంటిని. ఒక రైతు నర్సరీ ఋణమునకు దరఖాస్తు చేసినప్పుడు భూమి పత్రములు చూచితిని, బావి చూచితిని. నీరు బయటకు పోవు దారి చూడలేదు. ఆయన వరిమడి గట్లను అట్లే ఉంచి అందులో మొక్కలు నాటెను. శ్రావణ మాసపు వానలకు నీరు నిలిచి మొదళ్ళు కుళ్ళినవి. మొక్కలు పోయినవి, వాయిదా మాత్రము మిగిలినది. ఆ తప్పులో సగము నాదే.

కావున మీరు మొదట గట్టు తెంచి కాలువ తీయవలెను. మడులను ఒక అడుగు ఎత్తు చేసి, ఇసుక, బాగుగా మాగిన పశువుల ఎరువు కలుపవలెను.

నాటుట, సంరక్షణ

విత్తనము కంటె పిలకలు విడదీసి నాటుట మేలు. తల్లి మొక్క గుణము మారదు. తొలకరి వానలు పడిన పిదప దుబ్బును త్రవ్వి, ప్రతి భాగమునకు వేరును, రెండు మూడు పిలకలును ఉండునట్లు కోయవలెను. ఆకులను సగమునకు కత్తిరించి సంచులలో నాటి, రెండు వారములు నీడలో ఉంచవలెను.

యూరియా ఎక్కువైనచో గడ్డి ఏపుగా పెరిగి వాలిపోవును. ఏడాదికొకసారి పశువుల ఎరువు చాలును. ఫౌంటెన్ గడ్డిని ఫిబ్రవరి చివర జానెడు ఎత్తున కోసివేయవలెను. ఎండుటాకును వేసవి వరకు ఉంచినచో నిప్పుకు ఆహారమగును. రెండు మూడేండ్లకొకసారి దుబ్బును విడదీయనిచో నడుమ భాగము చచ్చిపోవును.

ఒక హెచ్చరిక. గింజ రాలి మొలచు పచ్చని ఫౌంటెన్ గడ్డి హవాయి దీవులలో కలుపు మొక్కగా వ్యాపించి, కార్చిచ్చులకు దోహదము చేయుచున్నది. పొలముల ప్రక్క అట్టి రకమును పెంచకుడు. సాగులోని వట్టివేరు సాధారణముగా మొలకెత్తు గింజ కట్టదు. గట్లపై నాటినచో నేల కోతను కూడ ఆపును.

ఋణము, వాయిదా

ఉదాహరణకు నూరు తల్లి దుబ్బులు కొని, ఒక్కొక్కటి ఎనిమిది భాగములు చేసినచో 800 సంచులగును. అందులో ఐదవ వంతు పోవునని ముందే తీసివేయుడు. మిగిలిన 640 సంచులకే లెక్క వేయుడు. సంచి, మట్టి, కూలి, నీరు, రవాణా ఖర్చులు వ్రాసి, ఆ పిదప ధర నిర్ణయింపుడు.

జూలైలో నాటినవి అమ్మకమునకు వచ్చుసరికి దసరా దాటును. కావున తొలి వాయిదా అంతకు ముందు పడకుండునట్లు శాఖలో ముందుగానే కోరవలెను. 2025 జనవరి 1 నుండి వ్యవసాయ, అనుబంధ అవసరములకు రెండు లక్షల రూపాయల వరకు తనఖా లేకుండ ఋణము పొందవచ్చును. తనఖా లేదన్నంత మాత్రమున తిరిగి చెల్లింపు లేదని అర్థము కాదు.

మొదటి ఏడు కొద్ది సెంట్లలో మాత్రమే ప్రారంభింపుడు. మిగిలిన పొలమున వరి ఉండనిండు. ఒక వానకాలము గడచి, మొక్కలు నిలిచి, కొనువారు మరల వచ్చినప్పుడు విస్తరణ గురించి ఆలోచింపవచ్చును. ఈసారి మీ పొలమునకు వచ్చు క్షేత్రాధికారి పత్రములే చూచి వెళ్ళబోయినచో, నీరు పోవు దారిని మీరే ఆయనకు చూపుడు.