స్వచ్ఛంద కృషికి కొలమానమేది?

రాత్రివేళ జ్యోతినగరపు దీపాల వరుసను దూరమునుండి చూచువారికి ఆ వెలుగంతయు యంత్రముల ఘనతయే యని తోచుట సహజము. 1983లో మొదటి యూనిట్‌తో విద్యుదుత్పత్తి నారంభించిన రామగుండము ఉష్ణ విద్యుత్కేంద్రము, 2004లో ఏడవ యూనిట్ చేరుటతో 2,600 మెగావాట్ల సామర్థ్యమునకు పెరిగినది. అయినను యంత్రము తన లోపమును తాను దిద్దుకొనజాలదు. దానిచెంత దినదినము పనిచేయు మనుష్యుడు లోపమును గుర్తించి, సరిదిద్దుటకు స్వయముగా పూనుకొనవలెను. అట్టి పూనికకు ఒక క్రమమును నేర్పిన ఉద్యమము క్వాలిటీ సర్కిళ్ల ఉద్యమము. దానిని నడుపు వృత్తిసంస్థ మన తెలుగుగడ్డపైననే పుట్టినది. అట్టి సంస్థయొక్క ఒక శాఖ ఏడాది పొడవున చేయు స్వచ్ఛంద కృషి యెట్టిది, దానిని మనమెట్లు లెక్కింపవలెను అను విషయమును ఈ వ్యాసమున వివరింపదలచినాము.

క్వాలిటీ సర్కిల్ అనగా నాణ్యతా వలయము. ఒకే చోట, ఒకే విధమైన పని చేయు ఆరుగురు మొదలు పదిమంది వరకు తమ యిష్టముతో ఒక జట్టుగా ఏర్పడుదురు. సాధారణముగా వారమునకొక గంట కూర్చుండి తమ పనిలోని చిక్కులను చర్చింతురు. ఈ పద్ధతికి పుట్టినిల్లు జపాను. రెండవ ప్రపంచయుద్ధానంతరము ఆ దేశపు వస్తువులు నాసిరకమన్న అపకీర్తి నుండెను. దానిని తొలగించుకొను ప్రయత్నములో భాగముగా ఆచార్య కౌరు ఇషికావా మొదలగువారి ప్రేరణతో 1962లో తొలి వలయములు ఏర్పడినవి. నాణ్యత పరిశీలకుని సొత్తు కాదు, పనిచేయు ప్రతివాని బాధ్యత యన్నదే వారి మూలసూత్రము.

మన దేశమున ఈ విత్తనము 1980-81 ప్రాంతమున హైదరాబాదు సమీపమునగల రామచంద్రాపురము బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారములో నాటబడినది. అందుకు పూనుకొన్నవారు శ్రీ ఎస్.ఆర్. ఉడ్ప. అనంతరము 1982లో సికింద్రాబాదు కేంద్రముగా 'క్వాలిటీ సర్కిల్ ఫోరమ్ ఆఫ్ ఇండియా' అను లాభాపేక్షలేని సంస్థ వెలసినది. నేడు దేశమునందు పలుచోట్ల దీనికి చాప్టర్లు, అనగా శాఖలు కలవు.

ఒక వలయము పనిచేయు తీరును ఉదాహరణతో చెప్పుకొందము. మన ప్రాంతమువారికి బొగ్గు మోయు కన్వేయర్ బెల్టు సుపరిచితము. వానకాలమున ఒక బెల్టు నెలకు 20 మారులు ఆగుచున్నదని అనుకొందము. పై అధికారి మందలించును, క్రింది కార్మికుడు తలవంచుకొనును, బెల్టు మరల ఆగును. వలయమువారు మందలింపుతో గాక లెక్కతో మొదలుపెట్టుదురు. ఆగిన ప్రతిమారు కారణము వ్రాసికొందురు. తడిబొగ్గు చూటులో అంటుకొనుటచే 12 మారులు, రోలరు బిగుసుకొనుటచే 5 మారులు, ఇతర కారణములచే 3 మారులు ఆగినట్లు తేలినదనుకొందము. ఇప్పుడు మొదట పట్టవలసినదేదో ఎవరును వేరుగా చెప్పనక్కరలేదు.

పిదప 'చేపముల్లు చిత్రము' గీయుదురు. ఇషికావా పేరుతోనే ప్రసిద్ధమైన ఈ చిత్రమున వెన్నెముక వంటి గీత చివర సమస్యను వ్రాసి, ఇరుప్రక్కల ముళ్లవలె మనుష్యుడు, యంత్రము, సామగ్రి, పద్ధతి అను నాలుగు వర్గముల క్రింద కారణములను చేర్తురు. 'తప్పెవరిది?' అను ప్రశ్న పోయి 'తప్పెచ్చట నున్నది?' అను ప్రశ్న వచ్చును. చూటులో నునుపైన రేకు అమర్చుట, శుభ్రపరచు వేళలు మార్చుట వంటి ఉపాయము నొకదానిని ప్రయత్నించి, మరల నెలదినములు లెక్కింతురు. ఆగుట తగ్గినచో ఆ పద్ధతిని స్థిరపరతురు. తగ్గనిచో మరల చిత్రము ముందు కూర్చుందురు.

ఇక శాఖయొక్క సంవత్సర కృషి. శాఖను నడుపువారు తమ తమ ఉద్యోగములు చేసికొనుచు మిగిలిన కాలమును ఈ పనికి వెచ్చింతురు. క్రొత్త వలయములకు శిక్షణనిత్తురు. ఏడాదికొకమారు సదస్సు జరిపి, వలయములచేత తమ అనుభవములను న్యాయనిర్ణేతల ముందు చెప్పింతురు. ఉత్తమములైన వలయములు జాతీయ సదస్సునకు పోవును. సభల యందెన్నడును నోరు విప్పని కార్మికుడు తాను గీచిన చిత్రమును చేతికర్రతో చూపుచు పదిమంది ముందు వివరించుట సామాన్యమైన విషయము కాదు. ఆ ధైర్యమే శాఖ సాధించిన మొదటి ఫలమని మేము తలంచుచున్నాము.

అయితే సంవత్సరాంత నివేదికలలో మనకు కనిపించునది వేరొక లెక్క. ఇన్ని వలయములు, ఇన్ని శిక్షణలు, ఇన్ని పతకములు అని యుండును. అవి అసత్యములు కావు, కాని చాలవు. నిజమైన లెక్కకు మూడు ప్రశ్నలు వేయవలెను. నిరుడు కనుగొన్న పరిష్కారము నేటికిని అమలులో నున్నదా? నిరుటి వలయము నేటికిని కూర్చుండుచున్నదా? దానిలోనివారు తమంత తాము వచ్చిరా, ఆజ్ఞపై వచ్చిరా?

ఈ హెచ్చరిక ఊహాజనితము కాదు. అమెరికాలో 1974లో లాక్‌హీడ్ సంస్థ ఈ పద్ధతిని చేపట్టిన పిమ్మట వేలాది వలయములు వెలసినవి. 1985 నాటికే లాలర్, మోర్మన్ అను పరిశోధకులు, మొదటి ఉత్సాహము చల్లారిన పిదప అనేక వలయములు క్షీణించుచున్నవని వ్రాసిరి. సూచనలు విని అమలుపరచు పైవారు లేనిచోట, క్రిందివారి ఉత్సాహము ఎంతకాలము నిలుచును? ఆరంభశూరత్వమను మాట మనకు క్రొత్తది కాదు గదా!

ఇది కర్మాగారముల విషయము, కళాశాలకేమి సంబంధమని కొందరడుగవచ్చును. సంబంధము చాల కలదు. మొదటి గంటకు ఆలస్యముగా వచ్చు విద్యార్థిని సోమరి యనుట సులభము. కాని ఆలస్యమునకు కారణములను ఒక నెల వ్రాసినచో బస్సు వేళ యొకటి, ఇంట నీరు పట్టు బాధ్యత యొకటి, తండ్రి షిఫ్టు ముగించుకొని వచ్చువరకు చిన్నవారిని చూచుకొనవలసిన అవసర మొకటి బయటపడవచ్చును. ప్రకటన ఒకే భాషలో నుండుటచే సగముమందికి అందకపోవుట వంటి చిన్న లోపము సైతము లెక్కలోనికి వచ్చును. ఉర్దూ మాధ్యమ విద్యార్థియు తెలుగు మాధ్యమ విద్యార్థియు ఒకే బల్లచుట్టు కూర్చుండి ఒకే చిత్రమును రెండు భాషలలో పూరించినచో, కారణములతోపాటు ఒకరి కష్టము మరొకరికి తెలియును. అది ఏ పతకమునకును తీసిపోదు.

కావున కళాశాల కమిటీ పెద్దలకు మేము సవినయముగా విన్నవించుకొనునది యిది. రాబోవు సంవత్సరమున ఒక్క వలయమునకు వారమునకొక గంటయు, ఒక గదియు దయచేయవలెను. అందు చేరినవారికి మార్కులు గాని హాజరు గాని ఈయవలదు. ఇచ్చినచో అది స్వచ్ఛందము కాజాలదు. వారు తెచ్చిన పరిష్కారమును వినవలెను, సాధ్యమైనచో అమలుపరచవలెను, కాదన్నచో కారణము చెప్పవలెను. వలయము విఫలమయినచో ఆ వైఫల్యమును సైతము వచ్చు సంచికలో దాచక ప్రకటింపవలెను.

'ఖత్రా ఖత్రా దర్యా బన్‌తా హై' అని ఉర్దూలో సామెత. చుక్క చుక్క చేరి చెరువగునని తెలుగువారును అందురు. రెండు భాషలకును తెలిసిన ఈ సత్యమును ఆచరణలో పెట్టుటకు ఒక బల్ల, ఒక కాగితము, ఆరుగురు స్నేహితులు చాలును.