పీరు అంటే ఎవరు? - జానపద సేకర్తలు, నిఘంటుకారుల శ్రమ

గోదావరి ఒడ్డున బాసరకు, పిల్లలకు అక్షరాభ్యాసం చేయించడానికి తల్లిదండ్రులు ఎక్కడెక్కడినుండో వస్తారు. ఆ చుట్టుపట్ల తెలుగు, ఉర్దూ, మరాఠీ కలిసిపోతాయి. అక్కడి పల్లెమాటలను పుస్తకాలకెక్కించే పని ఎటువంటిదో ఒక్క మాట ఆధారంగా చూద్దాము.

మొహర్రం దినాలలో తెలంగాణా పల్లెల్లో ‘పీర్లు’ లేస్తాయి. ఫారసీలో ‘పీర్’ అంటే వృద్ధుడు, ఆపైన ఆధ్యాత్మిక గురువు. పల్లెలో మాత్రం పీరు మనిషి కాదు. కర్రకు అమర్చి, బట్టలు చుట్టి నిలిపే లోహపు గుర్తు. అరబ్బీలో ‘అలమ్’, అంటే ధ్వజం. మూలభాషా నిఘంటువును మాత్రమే నమ్ముకొని ‘పీరును ఎత్తుకొన్నాడు’ అన్న దానికి అర్థం చెప్పబోతే ముసలివాణ్ణి మోసుకుపోయినట్లవుతుంది! (ఈ ఆచారం ధర్మసమ్మతమా అన్నది వేరే చర్చ, ఇక్కడ మాటను గురించే.)

సేకర్త కష్టం చెప్పరానిది. పాట అంతా ఒక్కరికే రాదు. పాడమంటే సిగ్గుపడతారు. వ్రాసుకోవడానికి ఆపితే మరచిపోతారు, మళ్లీ మొదటినుంచి ఎత్తుకోవలసిందే. పైగా విన్నది విన్నట్లే వ్రాయాలి. ‘అసన్న, ఉసన్న’ అని పాడితే హసన్, హుసైన్ (రజి) అని దిద్దరాదు. దిద్దితే ‘హ’కారం పల్లెనోట ఎలా జారిపోయిందో తెలియకుండా పోతుంది. నిఘంటుకారుని పని ఇందుకు భిన్నం. అతడు ఆ రూపాలన్నిటినీ ఒక్కచోట చేర్చి మూలం చూపాలి.

ఈ రెండు పనులూ చేసినవారు అరుదు. వరంగల్లు జిల్లా దేవనూరులో పుట్టిన బిరుదురాజు రామరాజు (1925-2010) అట్టివారు. తెలుగు జానపద గేయ సాహిత్యంపై పరిశోధనకు ఉస్మానియా విశ్వవిద్యాలయం డాక్టరేటు పొందారు. ఉర్దూ-తెలుగు నిఘంటు నిర్మాణంలోను పాలుపంచుకొన్నారు.

సంపాదకునికి మరొక శత్రువు కాలం. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మూడు సంపుటాలు వెలువరించిన కొమర్రాజు లక్ష్మణరావు 1923లో మరణించేనాటికి ఆ మహాగ్రంథం ‘అ’ అక్షరం దగ్గరే ఉన్నది.

అలావా, సవారీ, మలీద, ఊదు - ఇవి కూడ మొహర్రం మాటలే. ఉర్దూలో సవారీ అంటే వాహనం, స్వారి. పల్లెలో పీర్ల ఊరేగింపు. ఏ ఊరివారు ఏ మాటను ఏ అర్థంలో వాడుతున్నారో అక్కడి వృద్ధులను అడిగి, ఊరి పేరుతో సహా వ్రాసి ఉంచవలసి ఉన్నది.