సన్నబడాలంటే స్నేహితురాలు ఉండాలి!

"ఏంటే, బాగా లావయ్యావు!"

మా భట్టిప్రోలు వైపు పెళ్లిళ్లలో విస్తరి వేయకముందే వడ్డించే మాట ఇది. అన్నవాళ్లు అక్కడే మర్చిపోతారు. పడ్డ అమ్మాయి మాత్రం ఆ రాత్రి అన్నం మానేసి, ఫోన్‌లో డైట్లు వెతుకుతుంది. వారం తిరక్కుండానే మళ్లీ మామూలే. పట్టుదల లేదని తననే తిట్టుకుంటుంది. నిజానికి అలాంటి చాలామందికి కావాల్సింది ఓ తోడు.

ఆ ఆరుగురు

1961. న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో జీన్ నైడెచ్ అనే గృహిణి ఉండేది. బరువు సుమారు 97 కిలోలు. సూపర్‌మార్కెట్‌లో ఒకావిడ "కాన్పు ఎప్పుడు?" అని అడిగింది. జీన్ గర్భవతే కాదు! ఆ దెబ్బకి నగర ఆరోగ్య శాఖ నడిపే క్లినిక్‌లో చేరింది. డైట్ ఇచ్చారు, కొంత తగ్గింది కూడా. కానీ మాసిన బట్టల బుట్టలో బిస్కెట్లు దాచుకుని తింటున్న సంగతి అక్కడ చెప్పలేకపోయింది.

చివరికి ఆరుగురు స్నేహితురాళ్లను ఇంటికి పిలిచి, వాళ్ల ముందు చెప్పేసింది. వాళ్లూ తమ దొంగతిండి కథలు బయటపెట్టారు. అలా వారం వారం కలవడం మొదలైంది. 1962 చివరికి జీన్ దాదాపు 33 కిలోలు తగ్గింది. ఆ మరుసటి ఏడాదే వెయిట్ వాచర్స్ సంస్థ పుట్టింది.

ఇది ఒక్కరి అదృష్టం అనుకోవద్దు. రీనా వింగ్, రాబర్ట్ జెఫ్రీ అనే అమెరికా పరిశోధకులు 166 మందితో చేసిన అధ్యయనం 1999లో వచ్చింది. ఒంటరిగా చేరి మామూలు శిక్షణ తీసుకున్నవాళ్లలో 76 శాతం మంది కార్యక్రమం పూర్తి చేశారు. స్నేహితులతో కలిసి చేరి, ఒకరికొకరు ఆసరాగా ఉండటం నేర్చుకున్నవాళ్లలో 95 శాతం మంది పూర్తి చేశారు. తగ్గిన బరువును పదో నెల దాకా నిలబెట్టుకున్నది ఒంటరివాళ్లలో 24 శాతమైతే, స్నేహితులతో వచ్చినవాళ్లలో 66 శాతం!

మన దగ్గర ఎందుకు కష్టం?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో 36.3 శాతం మందిది అధిక బరువు లేదా ఊబకాయం. దేశం మొత్తం మీద అది 24 శాతం. ఇది అందానికి సంబంధించిన గొడవ కాదు. షుగర్, బీపీ, మోకాళ్ల నొప్పులు దీని వెనకే వస్తాయి.

వరి పండే ఊళ్లలో మూడు పూటలా అన్నమే. ఇంట్లో అందరికీ ఒకటే వంట, "నాకు వేరేగా" అనడానికి ఆడవాళ్లకి మొహమాటం. గిన్నెలో మిగిలిన ముద్ద పారేయలేక తినేది కూడా అమ్మే. పోనీ నడుద్దామని ఒక్కతే కాలవ కట్ట మీదకి వెళ్తే "ఎక్కడికమ్మా, ఒక్కదానివే?" అని నలుగురు అడుగుతారు. అదే నలుగురు ఆడవాళ్లు కలిసి వెళ్తే అడిగేవాళ్లుండరు.

నేను సాఫ్ట్‌వేర్ మనిషిని కాబట్టి ఓ మాట. ఫిట్‌నెస్ యాప్ నోటిఫికేషన్‌ని ఒక్క వేలితో పక్కకి తోసేయొచ్చు. గుమ్మంలో నిలబడి "రావే, టైమైంది" అంటున్న స్నేహితురాలిని తోసేయలేం.

గోష్ఠి నుంచి డ్వాక్రా దాకా

కలిసి పని చేయడం మనకి కొత్త కాదు. మా ఊరి స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రీ తవ్వకాల్లో దొరికిన ధాతుపేటికల మీద 'గోష్ఠి' గురించిన బ్రాహ్మీ రాతలున్నాయి. అంటే ఓ పని కోసం కూడిన బృందం. అక్కడి ఓ స్ఫటికం మీది శాసనంలో నందపురం స్త్రీల దానం గురించీ ఉంది. రెండు వేల ఏళ్ల నాటి ముచ్చట అది! ఇక మన కాలంలో, రోజుకో రూపాయితో మొదలైన పొదుపు ఉద్యమం గుర్తుందిగా? డ్వాక్రా అక్కలకి బృందం, సమావేశం, పుస్తకంలో లెక్క అన్నీ అలవాటే. డబ్బుకి పనికొచ్చిన పద్ధతి ఆరోగ్యానికి ఎందుకు పనికిరాదు?

ఇలా మొదలుపెట్టండి

• నలుగురైదుగురు చాలు. అక్క, వదిన, పక్కింటి పిన్ని ఎవరైనా సరే.

• వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. రోజుకి అరగంట చొప్పున ఐదు రోజులు.

• బరువు వారానికి ఒక్కసారే చూడండి. నడుము కూడా కొలవండి. మన ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి.

• 70 కిలోల మనిషి 3.5 కిలోలు తగ్గినా షుగర్, బీపీల విషయంలో మేలు కనిపిస్తుంది. పెళ్లిలోపు పది కిలోలు లాంటి పందేలు వద్దు.

• అన్నం మానేయొద్దు. కాస్త తగ్గించి, కూర, పప్పు పెంచండి.

• థైరాయిడ్, పీసీఓడీ, షుగర్ ఉన్నవాళ్లు, గర్భిణులు ముందు డాక్టర్‌ని అడగండి.

• బరువు పెరిగిన వారం ఎవరూ వెక్కిరించకూడదు. "ఈ వారం ఏమైంది?" అని అడగండి, చెప్పింది వినండి.

అన్నిటికంటే ముఖ్యం ఆ చివరిదే. బరువు పెరిగిన వారమే స్నేహితురాలు నడకకి రాకుండా తప్పించుకుంటుంది. ఆ రోజు గ్రూప్‌లో మెసేజ్ పెట్టి ఊరుకోకండి, ఇంటికెళ్లి తలుపు కొట్టండి.