నెలసరిలో పోయేది ‘చెడు రక్తం’ కాదు

పిల్ల పెద్దమనిషి అయినప్పుడు ఇంట్లో తరచూ వినిపించే మాట ఒకటుంది: “ఒంట్లోని చెడు రక్తం పోతోంది, భయపడకు.” ధైర్యం చెప్పడానికే అలా అంటారు. కానీ ఆ మాటలో ఒక చిక్కుంది. పోయేది చెడు రక్తమే అయితే, ఎంత ఎక్కువ పోతే అంత మంచిదనిపిస్తుంది. అలా అనుకున్న ఇంట్లో, అమ్మాయికి నెలనెలా అధికంగా రక్తం పోతున్నా అది చికిత్స అవసరమైన సమస్య అని ఎవరికీ తోచదు. అందుకే ముందుగా ఆ రక్తం ఎక్కడిదో తెలుసుకోవాలి.

ఆ రక్తం ఎక్కడి నుంచి వస్తుంది?

గర్భాశయం లోపలి గోడను ఎండోమెట్రియం అనే మెత్తటి పొర కప్పి ఉంటుంది. నెలసరి ముగిసేసరికి ఇది బాగా పలచబడుతుంది. అండాశయాలు విడుదల చేసే ఈస్ట్రోజెన్ ప్రభావంతో మళ్లీ రోజురోజుకూ మందమవుతుంది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ అనే మరో హార్మోన్ ఆ పొరను పిండం నిలవడానికి అనువుగా మారుస్తుంది. గర్భం రాకపోతే సుమారు రెండు వారాల్లో ప్రొజెస్టెరాన్ పడిపోతుంది. అప్పుడు ఆ పొరకు రక్తం అందించే సన్నని ధమనులు ముడుచుకుంటాయి. పొర పైభాగం విడిపోయి రక్తంతో కలిసి బయటికి వస్తుంది. అడుగున మిగిలిన భాగం నుంచి కొత్త పొర పెరుగుతుంది. మచ్చ పడకుండా లోపలి గాయం మానుతుంది.

అంటే బయటికి వచ్చేది ఒంట్లో తిరిగే మామూలు రక్తమే. దానితో పాటు పొర ముక్కలు, కొన్ని స్రావాలు ఉంటాయి. ఒంట్లోని వ్యర్థాలను తొలగించే పని ప్రధానంగా మూత్రపిండాలది, కాలేయానిది, గర్భాశయానిది కాదు. మొదట్లోనూ చివర్లోనూ రక్తం ముదురు గోధుమ రంగులో కనిపించేది నెమ్మదిగా బయటికి రావడం వల్లనే, చెడిపోయినందువల్ల కాదు.

ముట్టుకుంటే పచ్చడి పాడవుతుందా, మొక్క వాడిపోతుందా?

ఈ అనుమానం మన ఊళ్లకే పరిమితం కాదు. డిఫ్తీరియా పరీక్షతో పేరు పొందిన బేలా షిక్ అనే వైద్యుడు 1920లో, నెలసరిలో ఉన్న స్త్రీ పట్టుకున్న పూలు త్వరగా వాడిపోయాయని, ఆమె శరీరంలో ఏదో విషం ఉందని ప్రతిపాదించాడు. దానికి ‘మెనోటాక్సిన్’ అని పేరు కూడా పెట్టారు. తర్వాత దశాబ్దాల పాటు వెతికినా అలాంటి విషం ఉన్నట్టు రుజువు కాలేదు. ఆవకాయ పాడయ్యేది తడి తగిలినందువల్లో, ఉప్పూ నూనే తగ్గినందువల్లో. తీసిన చేతికి నెలసరితో సంబంధం లేదు. తలస్నానం చేయడానికి, ఆడుకోవడానికి, వంట చేయడానికి కూడా వైద్యపరంగా ఏ అడ్డూ లేదు.

ఎన్ని రోజులు? ఎంత రక్తం?

ఒక నెలసరి మొదటి రోజు నుంచి తర్వాతి నెలసరి మొదటి రోజు వరకు లెక్కపెడితే, పెద్దవారిలో సాధారణంగా 21 నుంచి 35 రోజులు. కొత్తగా మొదలైన అమ్మాయిల్లో తొలి రెండు మూడేళ్లు 45 రోజుల వరకు పట్టవచ్చు. అండం ప్రతి నెలా క్రమంగా విడుదల కాకపోవడమే దీనికి కారణం. రక్తస్రావం సాధారణంగా 2 నుంచి 7 రోజులు ఉంటుంది.

మొత్తం మీద పోయే రక్తం సగటున 30 నుంచి 40 మిల్లీలీటర్లు, అంటే రెండు మూడు టేబుల్ స్పూన్లు. 80 మిల్లీలీటర్లు దాటితే అధిక రక్తస్రావం. ఇంట్లో ఎవరూ కొలవరు కాబట్టి ఈ గుర్తులు చూసుకోవాలి: గంట రెండు గంటలకే ప్యాడ్ నిండిపోవడం, దాన్ని మార్చడానికే రాత్రి నిద్ర లేవాల్సి రావడం, పది రూపాయల నాణెమంత రక్తపు గడ్డలు పడటం, 7 రోజులు దాటినా ఆగకపోవడం. వీటిలో ఏది ఉన్నా డాక్టరును కలవాలి.

ఎందుకంత పట్టింపు?

ఒక మిల్లీలీటరు రక్తంలో సుమారు అర మిల్లీగ్రాము ఇనుము ఉంటుంది. 80 మిల్లీలీటర్లు పోతే 40 మిల్లీగ్రాములు పోయినట్టే. మన శరీరం తిండి నుంచి రోజుకు గ్రహించగలిగేది మామూలుగా ఒకటి రెండు మిల్లీగ్రాములే. ఇతర అవసరాలు పోగా ఆ లోటు పూడదు. నెలలు గడిచేకొద్దీ రక్తహీనత వస్తుంది: ఆయాసం, తల తిరగడం, చదువు మీద ధ్యాస నిలవకపోవడం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. తిండిలో ఇనుము చాలకపోవడం, నులిపురుగులు వంటి కారణాలూ ఉన్నాయి. కానీ అధిక రక్తస్రావాన్ని ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు.

మొదటి నెలసరి నుంచే రక్తం అతిగా పోతుంటే, రక్తం గడ్డకట్టే గుణంలోనే లోపం ఉండవచ్చు. ఫిన్లాండ్ వైద్యుడు ఎరిక్ వాన్ విల్లెబ్రాండ్ 1926లో అలాంటి ఒక వంశపారంపర్య వ్యాధిని వివరించాడు. ఆయన పరీక్షించిన కుటుంబంలోని అమ్మాయి 13 ఏళ్ల వయసులో, తన నాలుగో నెలసరిలో రక్తస్రావం ఆగక చనిపోయింది. ఇప్పుడు ఆ వ్యాధిని రక్తపరీక్షలతో గుర్తించవచ్చు, మందులతో అదుపు చేయవచ్చు.

నొప్పి సహజమేనా?

పొర విడిపోయేటప్పుడు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారై గర్భాశయ కండరాలను బిగిస్తాయి. కడుపునొప్పికి అదే కారణం. వేడి కాపడం పెడితే ఉపశమనం ఉంటుంది. మెఫెనమిక్ ఆమ్లం, ఐబుప్రొఫెన్ వంటి మందులు ఆ రసాయనాల తయారీనే తగ్గిస్తాయి. కడుపులో పుండ్లు, ఆస్తమా, మూత్రపిండాల సమస్య ఉన్నవారు డాక్టరును అడగకుండా వాడకూడదు. నెలనెలా బడి మానిపించేంత నొప్పి, మందులకు తగ్గని నొప్పి మాత్రం భరించి ఊరుకోవాల్సింది కాదు. గర్భాశయ పొరలాంటి కణజాలం బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ సంతాన వయసులోని స్త్రీలలో సుమారు 10 శాతం మందికి ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఇంట్లో చేయగలిగినది

నెలసరి వచ్చిన తేదీ, ఎన్ని రోజులున్నది, రోజుకు ఎన్ని ప్యాడ్లు వాడినదీ క్యాలెండరులో రాసుకుంటే చాలు. మూడు నెలల లెక్క చూస్తే డాక్టరుకు సగం విషయం తెలుస్తుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. బడిలో వారానికోసారి ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్రను పిల్లలు మానకుండా చూడండి. ఇక ఇంట్లో అమ్మాయి పెద్దమనిషి అయితే, “చెడు రక్తం పోతోంది” అనకండి. “ఇది నీ మంచి రక్తమే. ఎక్కువగా పోతుంటే నాకు చెప్పు” అనండి.