మార్లవాయి కథ

ఎక్స్‌కర్షన్‌లో కాచిగూడ స్టేషన్‌లో దిగి, తార్నాక దగ్గర ఉస్మానియా యూనివర్సిటీ చూసినం. అక్కడ పాఠాలు చెప్పిన హైమన్‌డార్ఫ్ గారు మన గోండు పల్లె మార్లవాయిలో ఉన్నారని సార్ చెప్పారు.

మార్లవాయి జైనూర్ మండలంలో చిన్న వ్యవసాయ గ్రామం. హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టారు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం చనిపోయాక, మనవాళ్ళు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోమని నిజాం సర్కారు ఆయన్ని పంపింది. భూములు పోవడమే ముఖ్య కారణమని ఆయన చెప్పారు. తర్వాత చాలామందికి పట్టాలు వచ్చినయి. 1943లో మార్లవాయిలో గోండు టీచర్ల ట్రైనింగ్ బడి పెట్టారు. గోండిలో వాచకాలు కూడా తయారుచేశారు. ఆయన భార్య బెట్టీ గారు 1987లో చనిపోతే సమాధి అక్కడే కట్టారు.

మా ఇంట్లో ముత్తాత పట్టా ఉంది. అది ఉర్దూలో ఉంది, ఎవ్వరికీ చదవరాదు. మా ఇంట్లో బడికొచ్చిన మొదటిదాన్ని నేనే. కాగితం ఉన్నా చదవరాకపోతే భూమి నిలవదు. అందుకే మిత్రులారా, చదువు మధ్యలో మానొద్దు.